పద్మిని, పొందూరు పంచె, మా అమ్మ స్టీలు డబ్బా

పెట్రోలు బంకులో పైపు పట్టుకున్న కుర్రాడు మా కారుని ముందు నుంచి వెనక దాకా ఓసారి చూస్తాడు, ట్యాంకు మూత తీస్తూ అడుగుతాడు. "ఎంతిస్తాది మేడం?" పదో పన్నెండో అంటాను. ఆ అంకె వినగానే అతని మొహంలో ఎప్పుడూ ఒకటే భావం, పాపం ఈవిడకి ఇంట్లో చెప్పేవాళ్ళెవరూ లేరేమో అని.

కారు ప్రీమియర్ పద్మిని, 1987 మోడల్, మీగడ రంగు. నాన్న సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ఆయన పోయాక అమ్మేద్దాం అన్నాడు మా తమ్ముడు. తూకానికి కొంటానని ఒకతను వచ్చి, బానెట్ మీద వేళ్ళతో టకటకా కొట్టి చూశాడు, పుచ్చకాయ బేరమాడేవాడిలాగ. ఆ కొట్టడం నాకు నచ్చలేదు, అమ్మలేదు. నిజం చెప్పాలంటే అంతకు మించిన కారణం ఆ రోజు నా దగ్గర లేదు. కారణాలు తర్వాత వెతుక్కున్నాను, ఇప్పుడు రాస్తున్నది ఆ వెతుకులాట గురించే.

ముందే ఒక మాట చెప్పేస్తాను, లేకపోతే చదివేవాళ్ళు నన్ను వేరే గుంపులో వేసేస్తారు. నాకు పాత వస్తువులంటే ఇష్టం. పాత రోజులంటే ఏమంత ఇష్టం లేదు. వాట్సాప్‌లో వస్తుంటాయి చూడండి, లాంతరు బొమ్మ, ఇంకు పెన్ను బొమ్మ, నులక మంచం బొమ్మ వేసి, కింద "ఆ రోజులే వేరు" అని. ఆ లాంతరు చిమ్నీ రోజూ సాయంత్రం తుడిచే డ్యూటీ మా ఇంట్లో నాది. చెయ్యి చిన్నది కాబట్టి గాజు లోపలికి దూరుతుందని నాకు అప్పగించారు. ఒకసారి లోపలే పగిలింది, ఆ మచ్చ ఇప్పటికీ కుడిచేతి చూపుడు వేలి పక్కన ఉంది. కరెంటు పోయినప్పుడు కిరసనాయిలు పొగలో ఎక్కాలు చదివిన పిల్లని లాంతరు రోజులు బంగారం అని నమ్మించడం కష్టం. కానీ అదే లాంతరు ఇప్పుడు మా వరండాలో వేలాడుతోంది, వత్తి పైకి కిందకి తిప్పే ఆ చిన్న చక్రం తిప్పితే ఇప్పటికీ నాకు సంతోషంగా ఉంటుంది. ఈ రెండూ ఒక్క మనిషిలో ఎలా ఉంటాయి అన్నదే నా గొడవ.

కారు సంగతికి వస్తాను. పొద్దున్నే చోక్ లాగాలి, చల్లబడ్డ ఇంజనుకి పెట్రోలు పాళ్ళు పెంచే మీట అది. ఎక్కువ లాగితే ఇంజను పెట్రోల్లో మునిగిపోతుంది, తక్కువ లాగితే దగ్గి ఊరుకుంటుంది. గేరు స్టీరింగ్ పక్కనే కొమ్మలా పొడుచుకొచ్చి ఉంటుంది, ఎడమచేత్తో దాన్ని తనవైపు లాక్కుని పైకో కిందకో నెట్టాలి, కొత్తవాళ్ళు ఎక్కి కూర్చుంటే ఇండికేటర్ ఇంత లావుగా ఉందేంటి అనుకుంటారు. ముందు సీటు ఒకటే పొడుగు బల్లలాంటిది. చిన్నప్పుడు నాన్నకీ అమ్మకీ మధ్య నేను, రామతీర్థం తీర్థానికి వెళ్ళి తిరిగొస్తూ అమ్మ ఒళ్ళో తల, నాన్న గేరు మార్చినప్పుడల్లా ఆయన మోచెయ్యి నా మోకాలికి తగిలేది. కిటికీకి ముందు మూలన చిన్న ముక్కోణపు అద్దం ఉంటుంది, దాన్ని కాస్త వాలుగా తిప్పితే బయటి గాలి నేరుగా మొహానికి కొడుతుంది. ఏసీ అదే. ఈ ముక్కోణపు అద్దం ఎందుకు మానేశారో నాకు అర్థం కాదు.

ఇదే కారు 1964 నుంచి ఫియట్ 1100గా మన దగ్గర తిరిగింది, 1974లో పద్మిని అని పేరు పెట్టారు. 2000 దాటగానే తయారీ ఆగిపోయింది. ముంబైలో ఆ నలుపు పసుపు టాక్సీల్లో ఆఖరి పద్మిని 2023 అక్టోబరులో రోడ్డు దిగిపోయినప్పుడు పేపర్లలో ఫొటోలు వచ్చాయి, మా ఆయన పేపరు మడిచి నా ముందు పెట్టాడు, ఇక నీదే మిగిలింది అన్నట్టు.

గత సంవత్సరం రామతీర్థం నుంచి మా విజయనగరం వస్తుంటే నెల్లిమర్ల దాటాక ఆగిపోయింది. ఎన్నిసార్లు తాళం తిప్పినా గుర్రుమంటుంది తప్ప అందుకోదు. మెకానిక్ బాబాయికి ఫోన్ చేశాను. నాన్న ఉన్నప్పటి నుంచీ ఈ బండి చూసేది ఆయనే. టీవీఎస్ ఎక్సెల్ మీద, హ్యాండిల్‌కి గుడ్డ సంచి తగిలించుకుని, తాపీగా వచ్చాడు. వచ్చి ముందు నన్ను తిట్టాడు. "చోక్ లాగీసి లాగీసి కుమ్మీసినావు పాపా, పెట్రోలు మునిగిపోనాది." తర్వాత బానెట్ ఎత్తి, ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత రెండు క్లిప్పులూ ఊడదీసి, లోపల ఉన్న పాయింట్లు చూపించాడు. కందిగింజంత లోహపు ముక్కలు రెండు, ఒకదాన్నొకటి తాకుతూ విడిపోతూ ఉంటాయి, అవి విడిపోయిన ప్రతిసారీ ప్లగ్గులో నిప్పురవ్వ పుడుతుంది. మాడి నల్లగా అయిపోయాయి. జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు, పుల్ల గీసే గరుకు అంచుని చింపి, ఆ రెండు ముక్కల మధ్య పెట్టి నాలుగుసార్లు రుద్దాడు. ఎవరిదో పెళ్ళి ఫొటోగ్రాఫర్ విజిటింగ్ కార్డు మడిచి మధ్యలో దూర్చి ఖాళీ సరిచూసుకున్నాడు, స్క్రూ బిగించాడు. "ఇప్పుడు కొట్టు." కొట్టాను, అందుకుంది. మొత్తం పావుగంట. రెండొందలు తీసుకున్నాడు, అది కూడా ఎక్సెల్ పెట్రోలుకి అని.

ఆ నెలలోనే మా ఆయన కొత్త కారులో డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది. బండి బాగానే నడుస్తోంది, దీపం ఆరదు. విశాఖపట్నం తీసుకెళ్తే కంప్యూటరు తగిలించి చూసి, ఏదో సెన్సరు పోయింది అన్నారు. సెన్సరు ఒక్కటే రాదు, దాంతో కలిసిన భాగం మొత్తం మార్చాలి అన్నారు. నాలుగు రోజులు ఉంచుకుని, మెకానిక్ బాబాయి సంవత్సరంలో కూడా చూడనంత బిల్లు వేశారు. ఏం పోయింది, ఎందుకు పోయింది అని మా ఆయన అడిగితే, చూపించడానికి అక్కడ ఏమీ లేదు. మూసిన నల్ల డబ్బా ఒకటి.

అయితే లెక్క సరిగ్గా చెప్పాలి కదా. ఆ కొత్త కారు ఐదేళ్ళలో ఒక్కసారి ఇబ్బంది పెట్టింది. మా పద్మిని ఏడాదికి మూడుసార్లు నడిరోడ్డు మీద పరువు తీస్తుంది. దానికి సీటు బెల్టుల్లేవు, ఎయిర్‌బ్యాగుల మాట ఎత్తక్కర్లేదు, పొగని శుభ్రం చేసే కన్వర్టరు లేదు, నా వెనక స్కూటీ మీద వచ్చేవాళ్ళని చూస్తే సిగ్గేస్తుంది. అందుకే మా అబ్బాయిని దాన్లో హైవే ఎక్కించను. ఊళ్ళో, ఊరి చుట్టుపక్కల, ఏడాదికి వెయ్యి కిలోమీటర్లు తిరిగితే గొప్ప. "పాత బళ్ళు ఎంత గట్టివో, ఇప్పటివన్నీ రేకు డబ్బాలు" అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట. గుద్దితే ఆ రేకు డబ్బా తను నలిగిపోయి లోపలి మనిషిని కాపాడుతుంది, ఈ గట్టి బండి తను బాగుండి మనిషిని స్టీరింగ్ మీదకి తోస్తుంది. నేను పద్మినిని మెచ్చుకునేది గట్టిదని కాదు. మూత తీస్తే లోపలేముందో కనిపిస్తుంది, ఏది ఎందుకు పనిచేస్తోందో ఫిజిక్సు మరిచిపోయిన నాలాంటిదానికి కూడా పావుగంటలో అర్థమవుతుంది, అందుకు.

రిపేరు హక్కు గురించి 2022 చివర్లో కేంద్ర ప్రభుత్వం ఒక పోర్టల్ పెట్టింది, కంపెనీలు విడిభాగాల సమాచారం, మాన్యువళ్ళు అందరికీ అందుబాటులో ఉంచాలన్నది ఆలోచన. మంచిదే. మా బాబాయి గుడ్డ సంచిలో ఆ హక్కు నలభై ఏళ్ళుగా ఉంది, ఎవరూ ఇవ్వకుండానే.

ఈ మధ్య ఇంకో తలనొప్పి. పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు. 2023 ఏప్రిల్ నుంచి తయారైన బళ్ళకి దాన్ని తట్టుకునే రబ్బరు వాడుతున్నారు. మా పద్మిని రబ్బరు పైపులకి ఆ సంగతి తెలియదు, అవి మెత్తబడి ఉబ్బుతున్నాయి. ఇథనాల్‌కి గాల్లో తేమని పీల్చుకునే గుణం ఉంది, బండి నెలల తరబడి కదలకుండా ఉంటే ఆ నీరు ట్యాంకు అడుగుకి చేరి తుప్పు పట్టిస్తుంది. బాబాయి పైపులు మార్చి ఒకటే చెప్పాడు. "నిలబెట్టీకు పాపా. తిప్పుతుంటే బతుకుతాది. నిలబెట్టీసినావంటే తుప్పట్టీస్తాది."

ఇక్కడే చట్టానికీ బాబాయికీ పేచీ వచ్చింది. 2021 జులైలో వింటేజ్ వాహనాలకని కేంద్రం రూల్స్ తెచ్చింది. 50 ఏళ్ళు నిండి, మొదటి రూపం మారకుండా ఉన్న బండికి నంబరు ప్లేటు మీద వీఏ అనే అక్షరాలతో ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇస్తారు, ఫీజు 20,000. అది తీసుకుంటే బండిని రోజువారీ పనులకి తిప్పకూడదు, ప్రదర్శనకో ర్యాలీకో రిపేరుకో పెట్రోలుకో మాత్రం బయటికి తీయొచ్చు. మా పద్మినికి 50 నిండేది 2037లో. అప్పటిదాకా అది చట్టం దృష్టిలో వింటేజ్ కాదు, ఉత్త ముసలి బండి. ముసలి బండికి ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ కొత్తగా చేయించాలి. దాని ఫీజు ఒకప్పుడు 600 ఉండేది, 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది, 2025లో 20 ఏళ్ళు దాటిన కార్లకి 10,000 చేశారు. పొగ లెక్క చూస్తే ప్రభుత్వం చేసింది తప్పని నేను అనలేను. కానీ ఒక వస్తువు వాడుతున్నంత కాలం చెత్త, వాడటం మానేస్తే వారసత్వం అనే లెక్క ఉంది చూశారూ, అది ఒక్క కార్ల విషయంలోనే కాదు, మన ఇళ్ళల్లో కూడా అదే నడుస్తోంది.

మా నాయనమ్మ వాళ్ళది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. ఇల్లు పంచుకున్నప్పుడు మగవాళ్ళు పొలం చూసుకున్నారు, ఆడవాళ్ళు సామాన్లు చూసుకున్నారు. నా వాటాకి ఒక ఇత్తడి గుండిగ, రెండు కంచు గిన్నెలు, ఒక మరచెంబు వచ్చాయి. గుండిగ బుడితి పని అని నాయనమ్మ చెప్పేది. శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలంలో ఉంది బుడితి, కంచు ఇత్తడి పనికి పేరున్న ఊరు, ఇప్పుడు దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. గుండిగ మెడ మీద మా నాయనమ్మ పేరు, పెళ్ళి తారీఖు చుక్కలు చుక్కలుగా కొట్టి ఉన్నాయి. ఒక్కో అక్షరం పది పన్నెండు చుక్కలు. కొట్టినవాడికి చదువు అంతంతమాత్రమేమో, అత్తవారి ఇంటిపేరులో ఒక దీర్ఘం ఎగిరిపోయింది, ఆ తప్పుతోనే అరవై ఏళ్ళు ఆ ఇంట్లో పప్పు ఉడికింది.

ఇత్తడి గిన్నెలో పులుపు వండితే చిలుమెక్కుతుంది, అందుకని లోపల తగరం పూత వేయిస్తారు. కళాయి. చిన్నప్పుడు కళాయివాడు వీధిలోకే వచ్చేవాడు, ఇప్పుడు వెతుక్కోవాలి. నాలుగు నెలలు అడగ్గా అడగ్గా గంటస్తంభం దగ్గర పాత్రల కొట్టు ఆయన ఒక ముసలాయన్ని చూపించాడు. మా పెరట్లోనే చిన్న గుంత తవ్వి బొగ్గులు పోసి, గాలికి తోలుతిత్తి బదులు జుట్టు ఆరబెట్టుకునే హెయిర్ డ్రయ్యర్ తెచ్చుకున్నాడు (నవ్వాను, ఆయన నవ్వలేదు). గుండిగని నిప్పు మీద తిప్పి తిప్పి కాల్చి, నవాసారం పొడి చల్లాడు. గుప్పున తెల్లటి పొగ లేచింది, ముక్కుపుటాలు మండాయి. ఆ పొగలోనే తగరం కడ్డీని గిన్నె అడుగుకి అలా తాకించాడు, కడ్డీ చివర వెన్నలా కరిగి బొట్టు పడింది. దూది ఉండ పట్టుకుని ఆ బొట్టుని ఒక్క విసురులో గుండ్రంగా తుడిచాడు. మసిబారిన గుండిగ లోపల, చెయ్యి వెళ్ళిన దారంతా వెండి రంగు పరుచుకుంటూ పోయింది. అంతా అరనిమిషం. మా అబ్బాయి ఫోన్ పక్కన పెట్టి చూశాడు, అది మా ఇంట్లో చిన్న విషయం కాదు.

నేను వీడియో తీసి అందరికీ పంపించి, మురిసిపోతూ వంటింట్లోకి వెళ్ళి అమ్మకి చూపించాను. అమ్మ గుండిగలోకి తొంగి చూసి, బాగా వేశాడు అంది. తర్వాత అంది, "దీన్ని నువ్వు ఆదివారం పూట తోమి ఫొటో పెడతావు. నేను పెళ్ళయి ఆ ఇంటికి వెళ్ళాక రోజుకి రెండు పూటలా ఇరవై శాల్తీలు తోమాను. చింతపండు, బూడిద, కొబ్బరి పీచు. చలికాలం వేళ్ళ సందుల్లో పగుళ్ళు, అందులోకి చింతపండు పులుసు. నీకు సరదా, నాకు మంట."

ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. ఇత్తడి బిందెతో చెరువు నుంచి నీళ్ళు మోసిన మనిషి ప్లాస్టిక్ బిందె వచ్చిన రోజు పండగ చేసుకుంది. ఆ పండగని ఆవిడ దగ్గర్నుంచి లాక్కునే హక్కు నాకెక్కడిది? "మన పూర్వీకులు ఎంత తెలివైనవాళ్ళు, ఇత్తడిలో నీళ్ళు తాగేవారు" అని ప్రసంగాలు చేసేవాళ్ళు ఎవరూ ఆ బిందె తోమలేదు, కావాలంటే అడిగి చూడండి.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను, మొదలుపెట్టాను కాబట్టి. ఆ ఇంట్లో ప్రతి గిన్నె మీదా ఎవరో ఒకరి పేరు ఉంది, నాయనమ్మది, ముత్తవ్వది, పుట్టింటివాళ్ళు సారె పెట్టిన చెంబు మీద వాళ్ళ ఊరి పేరు. పేరు లేనిది ఒక్కటే. పశువులశాల చూరులో దోపి ఉండే సత్తు గ్లాసు. మా పొలంలో పనిచేసే కంబారి వచ్చినప్పుడు అతనే దాన్ని తీసుకుని, కడుక్కుని, పట్టేవాడు. నాయనమ్మ పైనుంచి టీ పోసేది. తాగాక మళ్ళీ కడిగి అక్కడే దోపేవాడు. సామాన్లు పంచుకున్నప్పుడు ఆ గ్లాసు ఎవరి వాటాలోకీ రాలేదు, ఎవరూ అడగలేదు, ఎక్కడ పోయిందో తెలియదు. పాత సామాన్ల ముందు నిలబడి మురిసిపోయేటప్పుడు నాకు అది గుర్తొస్తుంది, గుర్తు రావాలి కూడా.

మరి ఇంత మంట పెట్టుకుని ఇంకా ఎందుకు దాచడం అని మా తమ్ముడు అడుగుతాడు. వాడికి బట్టల సంగతి చెప్తాను.

తాతయ్య (అమ్మ నాన్న) పొందూరు ఖాదీ పంచెలు కట్టేవారు. ఆయన పోయాక ట్రంకు పెట్టెలో నాలుగు దొరికాయి. బయటి దేశాల్లో వింటేజ్ బట్టలంటే ఎవరివో వాడినవి కొట్లో కొనుక్కోవడం, మన దగ్గర అలా కుదరదు, పోయినవాళ్ళ బట్టలు ఇంట్లో ఉంచడానికే చాలామంది ఒప్పుకోరు. అమ్మ కూడా ఎవరికైనా ఇచ్చేయమంది. రెండు ఇచ్చాను, రెండు దాచాను. చేత్తో పట్టుకుంటే అర్థమైంది ఎందుకు దాచానో. గంజి పోయి, యాభై ఏళ్ళు ఉతికి ఉతికి, ఆ గుడ్డ పలచనైంది కానీ నీరసపడలేదు. వెలుగుకి అడ్డంగా పట్టుకుంటే పోగు పోగు వేరుగా కనిపిస్తుంది.

పొందూరు మా ఊరి నుంచి రైల్లో దగ్గరే. ఒకసారి పని కట్టుకుని వెళ్ళి చూశాను. పత్తి గింజ తీయకముందు వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడకి సన్నటి పళ్ళు వరసగా, దువ్వెనకన్నా దగ్గరదగ్గరగా ఉంటాయి. పత్తిలో చెత్త అంతా దానికి చిక్కుకుని, దూది పోగులు ఒకే వైపుకి తిరుగుతాయి. మర చేయలేనిదని కాదు, మర చేస్తే ఆ పోగు అంత నాజూగ్గా ఉండదు. ఒంటి కదురు రాట్నం మీద వడికితే 100, 120 కౌంటు నూలు వస్తుంది, కౌంటు అంకె పెరిగేకొద్దీ నూలు సన్నం. గాంధీగారు తన పత్రిక యంగ్ ఇండియాలో ఈ నూలు గురించి రాశారని అక్కడ ప్రతివాళ్ళూ చెప్తారు. నేను చూసినప్పుడు వడుకుతున్నది దాదాపు అంతా పెద్ద వయసు ఆడవాళ్ళు. ఒకావిడ రాట్నం ఆపకుండానే నాతో మాట్లాడింది, కూతురు చేస్తుందా ఈ పని అని అడిగితే, "దానికేటి ఖర్మ" అంది. నవ్వుతూనే అంది.

ఆ రోజు నుంచి నాకు ఒక లెక్క పట్టుకుంది. తాతయ్య పంచె దాచుకుని, ప్రేమగా ఫొటో తీసి పెట్టి, కొత్తది కొనేటప్పుడు మాత్రం పండగ డిస్కౌంట్‌లో మరమగ్గం గుడ్డని ఖాదీ అనుకుని కొంటే, నేను చేస్తున్నది ఏంటి? ఇప్పుడు ఏడాదికి ఒకటే కొంటాను, పొందూరులోనే, ఖాదీ సంఘం కొట్లోనే. ఖరీదెక్కువే. ఆ ఖరీదులో రాట్నం ముందు కూర్చున్నావిడకి ఎంత చేరుతుందో తలచుకుంటే మాత్రం ఎక్కువ అనిపించదు. ఇక తాతయ్య పంచెల్లో ఒకటి అంచు దగ్గర చిరిగింది, దాన్ని కత్తిరించి కుర్తా కుట్టించుకున్నాను. మా పిన్ని గుండె బాదుకుంది. చిరిగిన గుడ్డని పెట్టెలో పెడితే అది పెట్టెలోనే పొడి అయిపోతుంది, నా ఒంటి మీద ఇంకో పదేళ్ళు ఉంటుంది అన్నాను. రెండోది బాగుంది, దాన్ని కత్తిరించను. ఆరు నెలలకోసారి తీసి, ఎండ తగలకుండా నీడలో గాలికి వేసి, మడత మార్చి పెడతాను. పట్టుచీరలకి కూడా ఇదే, మడత మార్చకపోతే మడత గీత దగ్గరే పట్టు చీలిపోతుంది, చూడటానికి కొత్తగా ఉన్న చీర కట్టుకోబోతే చేతిలో రెండు ముక్కలవుతుంది. నాకు అయింది, అమ్మమ్మ చీర, ఇంకా మాట్లాడలేను దాని గురించి.

నేనేమీ పత్తిత్తుని కాదు. వాడకపోతే వారసత్వం అంటూ చట్టాన్ని ఎగతాళి చేశాను కదా, నేనూ చేశాను ఆ పని. రెండేళ్ళ క్రితం ఆన్‌లైన్‌లో మర్ఫీ రేడియో ఒకటి చూసి, చెక్క పెట్టె, దంతపు రంగు మీటలు, బేరం కూడా ఆడకుండా కొనేశాను. నాన్న చిన్నప్పటి రేడియో అదే, లైసెన్సు డబ్బులు పోస్టాఫీసులో కట్టి విన్నామని చెప్పేవారు. మీట తిప్పాక లోపల వాల్వులనే గాజు గొట్టాలు వేడెక్కేదాకా గొంతు రాదనీ, ఆ కాసేపు ఇంట్లో అందరూ పెట్టె వైపు చూస్తూ కూర్చునేవారనీ. పార్సిల్ వచ్చింది, ప్లగ్గు పెట్టాను, వెంటనే పలికింది. ఇంగ్లీషులో. "బ్లూటూత్ మోడ్." వెనక అట్ట విప్పి చూస్తే వాల్వులూ లేవు, ట్రాన్స్‌ఫార్మరూ లేదు, చిన్న చైనా స్పీకరు ఒకటి జిగురుతో అంటించి ఉంది. అమ్మినవాడికి ఫోన్ చేస్తే "వర్కింగ్ కండిషనే కదా మేడం" అన్నాడు. అదీ నిజమే.

నాన్న హెచ్ఎంటీ జనతా వాచీ విషయంలో అందుకే జాగ్రత్తగా ఉన్నాను. జపాను సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో బెంగళూరులో మొదలైన ఆ వాచీల తయారీ ఆగిపోయి చాలా కాలమైంది, 2016లో కంపెనీకి తాళం వేయాలని నిర్ణయం కూడా అయిపోయింది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఎర్ర డయలు, ఆకుపచ్చ డయలు జనతాలు తెగ దొరుకుతుంటాయి. పాత మిషను మీద కొత్తగా రంగేసిన డయళ్ళు చాలావరకు. నాన్నది తెల్ల డయలు, కాస్త పసుపు తిరిగింది. వాచీ రిపేరాయన డయలుకి రంగు వేయిద్దామా అన్నాడు, వద్దన్నాను. పొద్దున్నే కీ ఇస్తాను, రోజుకి రెండు నిమిషాలు వెనక్కి పోతుంది, కాలేజీకి ఆ రెండు నిమిషాలు నేనే ముందు బయల్దేరతాను.

మా విజయనగరంలో మూడు లాంతర్లు అని ఒక కూడలి ఉంది. నూట యాభై ఏళ్ళనాటి స్తంభం ఉండేది అక్కడ, 2020లో సుందరీకరణ పేరు చెప్పి దాన్ని పడగొట్టారు. ఊరంతా గొడవైంది, మా ఇంట్లో కూడా ఆ వారమంతా అదే మాట. నేనూ కోప్పడ్డాను. ఆ వారంలోనే మా పక్కింటివాళ్ళు ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్‌కి ఇచ్చారు. టేకు తలుపులు, గడియ గొళ్ళేలతో సహా లారీ ఎక్కాయి. వాటిని కొన్నవాడు ఏదో పెద్ద ఊళ్ళో రిసార్టుకి అమ్ముతాడట, అక్కడ గోడకి బిగిస్తారట, తలుపుగా కాదు, అలంకారంగా. వెనకాల గోడే ఉండే తలుపు. స్తంభం గురించి నాతో పాటు తెగ బాధపడ్డ పక్కింటాయనకి తన తలుపు గురించి ఏమీ అనిపించలేదు. నేను కూడా ఆయన్ని ఏమీ అనలేకపోయాను. చెదలు పట్టిన ఇంట్లో, వానొస్తే బకెట్లు పెట్టుకుని పడుకున్నది ఆయన, నేను కాదు.

మళ్ళీ అమ్మ దగ్గరికే వస్తున్నాను. పాతవాటి మీద ఇంత కసి ఉన్న మనిషి ఒక్క వస్తువు మాత్రం నలభై ఏళ్ళుగా పట్టుకు వేలాడుతోంది. సుమీత్ మిక్సీ. రుబ్బురోలు ముందు కూర్చుని లేవలేక లేచిన నడుముకి అది దేవుడిచ్చిన వరం అంటుంది. రెండుసార్లు మోటారు కాలిపోయింది, రెండుసార్లూ వైండింగ్ చేయించింది. రాగి తీగ చుట్టే కుర్రాడి షాపులో కూర్చుని, పక్కనుండి చుట్టించుకుని మరీ తెచ్చింది. కొత్తది కొంటానంటే, "దీనికేమైంది?" అంటుంది. నేను పద్మిని గురించి అనేది అదే మాట. ఈ సంగతి అమ్మతో అంటే ఒప్పుకోదు. "నీ కారుకీ నా మిక్సీకీ పోలికేంటి, ఇది పనికొచ్చేది."

మిక్సీ పక్కనే ఉంటుంది స్టీలు డబ్బా. పది కేజీల బియ్యం పట్టేది, మూత మీద అమ్మ పేరు, 1984 అని మిషనుతో చెక్కి ఉంది. గుండిగ మీద చుక్కల్లా కాదు, వంకర్లు తిరిగిన సన్నటి గీత. ఆ డబ్బా ఎలా వచ్చిందో నాకు బాగా తెలుసు. నెత్తి మీద గంపతో స్టీలు సామాన్లావిడ వచ్చేది, పాత బట్టలకి గిన్నెలిచ్చేది. అమ్మ తన వెంకటగిరి చీర, నీలం రంగుది, జరీ అంచుది, ఒకచోట చిరిగిందని ఇచ్చేసింది. చీర ఒక్కదానికి రాదంటే నాన్న ప్యాంట్లు రెండు కలిపింది. ఆ చీరలో అమ్మ ఫొటో ఒకటుంది, చంకలో నేను. జరీలో వెండి ఉంటుంది కాబట్టి అలాంటి చీరలు కాల్చి వెండి తీసుకుంటారని తర్వాత తెలిసింది. ఆ చీర ఇప్పుడుంటే అని ఎన్నిసార్లు అన్నానో.

మొన్న ఇల్లు సర్దుతుంటే డబ్బా చేతికొచ్చింది. ఒక పక్క సొట్ట, మూత మాత్రం ఇప్పటికీ టప్పుమని బిగుసుకుంటుంది. "అమ్మా, ఇది నాకిచ్చేయ్, హాల్లో గుండిగ పక్కన పెట్టుకుంటాను" అన్నాను.

అమ్మ నా చేతిలోంచి డబ్బా తీసుకుంది. "హాల్లోనా? మరి బియ్యం దేన్లో పోస్తావు?"